వాన పడింది అనుకున్నాను: ప్లీడరు గారి 387 ఉత్తరాల పని డైరీ

మాది కోనసీమలో గౌతమి పక్కన లంక ఊరు. నాన్న చిన్ననాటి స్నేహితుడు రాజమండ్రిలో ప్లీడరు. పాత తూర్పు గోదావరి జిల్లాలో కలెక్టరు కాకినాడలో ఉంటే జిల్లా కోర్టు రాజమండ్రిలో ఉండేది, అందుకని ఆయన అక్కడే స్థిరపడ్డారు. 1959లో విశాఖలో లా చదువుతున్నప్పటి నుంచి 2021 దాకా ఆయన నాన్నకి రాసిన ఉత్తరాలన్నీ మా ఇంట్లో ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి. నాన్న 2023లో పోయారు. ప్లీడరు గారికి 86 ఏళ్లు.

2022 జూలై వరదకి నీళ్లు ఇంట్లోకి వచ్చి పెట్టె అడుగు నానింది. నాన్న దాన్ని పైపైన తుడిచి మళ్లీ మంచం కిందకే తోసేశారు. ఆ పెట్టెని ఏం చేశానో ఇక్కడ రాస్తున్నాను. పాడుచేసినవాటి గురించే ఎక్కువ ఉంటుంది, మీకు పనికొచ్చేదీ అదే.

దశ 1: లెక్కపెట్టడం (2024 మే)

కార్డులు 168, ఇన్లాండ్లు 143, కవర్లలో వచ్చినవి 76. మొత్తం 387.

వీటిలో పూర్తిగా చదవగలిగినవి 251. సగం సగం కనిపించేవి 94. అడుగున ముద్దలా అంటుకుపోయినవి 42.

మొదటి రోజే తప్పు చేశాను. తేమ వాసన వస్తోందని ఓ వంద కార్డులు అరుగు మీద ఎండలో పరిచాను. రెండు గంటల్లో కార్డులు దోనెల్లా వంగాయి. "మాగాయ ముక్కలా అవి? కాయితాలు నీడపట్టున ఆరాలిరా" అని అమ్మ వచ్చి ఎత్తేసింది. వంగిన కార్డులు బరువు కింద పెట్టాక నాలుగు రోజులకి చదును అయ్యాయి. ఎండకి వెలిసిన సిరా మాత్రం మళ్లీ రాలేదు.

సిరా సంగతి ముందే చూసుకోండి. ఈయన రాతలో మూడు రకాలున్నాయి. తొలి ఇరవై ఏళ్లూ బ్లూ-బ్లాక్, అది నీళ్లలో నానినా అక్షరం నిలబడింది. తర్వాత కడిగితే పోయే రాయల్ బ్లూ, తడి తగిలినచోటల్లా మబ్బులా పాకిపోయింది. చివరి ఇరవై ఏళ్లూ బాల్‌పెన్ను, దానికి వరద లెక్కలేదు. తడిసిన ముద్దల్లో ఏ సిరా ఉందో చూడకుండా చెయ్యి పెట్టకండి.

మే నెలలో మధ్యాహ్నం గదిలో తేమ 61 శాతం. అదే గదిలో జూలై రాత్రి 89. డెల్టాలో కాయితం దాచడమంటే ఈ రెండో అంకెతో కాపురం చెయ్యడమే.

ఇప్పటికి ఖర్చు: తేమ మీటరు 480, మెత్తటి బ్రష్షులు 120, మాస్కులు, గ్లౌజులు 150. మొత్తం 750 రూపాయలు.

దశ 2: పురుగులు (జూన్)

కవర్ల మూలల్లో సిల్వర్‌ఫిష్ పురుగులు, ఒక ఇన్లాండు మడతలో గుడ్లు. నాన్న కలరా ఉండలు వేసేవారు. వాటి వాసనకి నాకు తలనొప్పి వచ్చింది గానీ పురుగులకి ఏమీ కాలేదు. అందుకని ఫ్రీజరు పద్ధతికి దిగాను:

1. పొడిగా ఉన్న ఉత్తరాలు పాతికేసి చొప్పున జిప్ కవర్లో పెట్టాలి.
2. గాలి తీసేసి మూయాలి, ఆ కవరుని ఇంకో కవర్లో పెట్టాలి.
3. మైనస్ 18 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచాలి.
4. బయటికి తీశాక 24 గంటలు కవరు తెరవకూడదు.

నాలుగోది నేను తర్వాత చేర్చుకున్నాను. మొదటి కవరు తీసిన వెంటనే ఆత్రంగా విప్పాను. జూన్ గాలి చల్లటి కార్డులకి తగలగానే, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకి పట్టినట్టు, కార్డుల మీద చెమట పట్టేసింది. పైన ఉన్న మూడూ రాయల్ బ్లూ కార్డులు. బ్లాటింగ్ పేపరు తెచ్చేలోపు నీలి నీళ్లు అయిపోయాయి. చిరునామా పక్క మిగిలింది, రాసిన పక్క పోయింది. మూడిట్లోనూ ఏముందో ప్లీడరు గారిని తర్వాత అడిగితే, "పదిహేను పైసల కార్డు ముక్కలో ఏముంటుందిరా, అంతా క్షేమమే అయ్యుంటుంది" అన్నారు.

ఇంకో ఇబ్బంది అమ్మతో. ఫ్రీజరులో రొయ్యల పొట్లాలు తీయించి ఉత్తరాలు పెట్టానని రెండు వారాలు సాధించింది. ముందే మాట్లాడుకోండి.

ఇప్పటికి: పూర్తిగా చదవగలిగేవి 248కి పడ్డాయి, పోయినవి 3. ఖర్చు 1,090.

దశ 3: ముద్దలు విడదీయడం (జూలై, ఆగస్టు)

42 ఉత్తరాలు మూడు ముద్దలు. పొడిగా లాగితే పై పొర ఊడి కింది కాయితానికి అంటుకుపోతోంది. రెండు లాగి చూసి మానేశాను. ఆవిరి తేమతో మెత్తబరచాలి, నీళ్లలో ముంచకూడదు.

1. మూతున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా అడుగున తడి స్పాంజీ.
2. దాని మీద ప్లాస్టిక్ జాలీ, జాలీ మీద ముద్ద. నీటి చుక్క కాయితానికి తగలకూడదు.
3. మూత పెట్టి గంట. తీసి అంచు కదులుతోందేమో చూడాలి. కదలకపోతే ఇంకో అరగంట.
4. విడిన కాయితం వెంటనే బ్లాటింగ్ పేపరు మధ్య పెట్టి, పైన చెక్క, చెక్క మీద బరువు.

మొదటి ముద్దని "రాత్రంతా ఉంటే బాగా నానుతుంది" అని వదిలేశాను. అసలే వానాకాలం. పొద్దున్నకి మెత్తబడింది నిజమే, మూడో రోజుకి బూడిద రంగు బూజు కూడా వచ్చింది. రెండో ముద్దకి వంట గదిలో గంట మోగేలా ఫోన్ పెట్టుకున్నాను.

విడదీయడానికి పనిముట్టు కోసం చాలా తిరిగాను. స్టీలు బ్లేడు కాయితాన్ని కోసేస్తోంది. కొబ్బరి ఈనెని చాకుతో చెక్కి బద్దలా చేశాను. మా ఊళ్లో అడుగడుక్కీ దొరికే వస్తువు కదా అని సంబరపడ్డాను గానీ కొస గుచ్చుకుని ఒక ఇన్లాండుకి చిల్లు పడింది. చివరికి వెదురు బద్దని గరుకు కాయితంతో రుద్ది, గోరంత గుండ్రంగా చేసి వాడాను. మూడో ముద్దలో ఒక్క కాయితం కూడా చిరగలేదు.

చిరుగులకి అమలాపురంలో ఒక బైండింగు షాపులో మైదా జిగురులో మైలతుత్తం కలిపి వాడమన్నారు, పురుగు పట్టదని. రెండు ఖాళీ కవర్ల మీద వేసి చూశాను. అతికిన చోట ఆకుపచ్చ మరక దిగింది, ఆమ్ల గుణం కాబట్టి కాలక్రమంలో కాయితాన్ని తినేస్తుంది కూడా. ఉత్తరాల మీద వాడలేదు. ఉత్త మైదా జిగురు, పలచటి టిష్యూ చాలు. సెల్లోటేపు మాత్రం ఎవరు చెప్పినా వెయ్యకండి. నాన్న 1980ల్లో టేపు అతికించిన తొమ్మిది ఉత్తరాల మీద ఇప్పుడు టేపు లేదు, గోధుమ రంగు చారలున్నాయి.

ఇప్పటికి: ముద్దల్లోంచి విడివడినవి 36, అందులో పూర్తిగా చదవగలిగేవి 29, సగం 7. విడివడనివి 6. మొత్తం మీద పూర్తివి 277, సగం 101, పోయినవి 9. ఖర్చు 1,770.

దశ 4: ఫొటోలు (సెప్టెంబరు)

స్కానరు అడిగి తెచ్చుకుని వారం వాడి ఇచ్చేశాను. అద్దం మీద అదిమితే పాత ఇన్లాండ్లు మడతల దగ్గర పుటుక్కున విరుగుతున్నాయి. ఫోనుతో తీయడమే మేలు. 12 మెగాపిక్సెల్ ఫోనులో 14 సెంటీమీటర్ల కార్డు ఫ్రేము నిండా వస్తే అంగుళానికి 700 చుక్కలు దాటుతాయి, చుట్టూ అంచు వదిలినా 600 ఉంటాయి. ఏ4 సైజు కాయితానికైతే 340 దగ్గర ఆగిపోతుంది. అది కూడా చాలు.

1. ఫోన్ స్టాండు, కాయితానికి సమాంతరంగా.
2. ఎడమా కుడీ ఒక్కో దీపం, 45 డిగ్రీల వాలులో. ఫ్లాషు వద్దు.
3. కాయితం కింద నల్ల చార్టు. తెల్లది పెడితే వెనక పక్క రాత ముందుకి కనిపిస్తుంది. ఈ ఒక్క మార్పుతో కవర్లలోని పలచటి కాయితాలు చదవడం తేలికైంది.
4. పక్కన చిన్న స్కేలు, ఉత్తరం నంబరు.

వరద మరక మీద వెలిసిన నీలం సిరా ఉంటే జింప్ అనే ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేరులో ఫొటో రంగులు విడగొట్టి ఎరుపు చానెల్ ఒక్కటే చూడండి. నీలం సిరా ఎరుపు వెలుగుని పీల్చుకుంటుంది కాబట్టి నల్లగా తేలుతుంది, పసుపు మరక దాదాపు మాయమవుతుంది. ముందు నాకిది తెలియక వెలుగూ కాంట్రాస్టూ పెంచుతూ పది రోజులు కూర్చున్నాను. అప్పుడు మరకే నల్లబడింది.

ఎరుపు చానెల్‌తో 58 ఉత్తరాలు సగం జాబితాలోంచి పూర్తి జాబితాలోకి వచ్చాయి.

ఇప్పటికి: ఫొటోలు 1,042. పూర్తివి 335, సగం 43, పోయినవి 9. ఖర్చు 3,810.

దశ 5: తేదీలు (అక్టోబరు)

ఇంగ్లీషు తేదీ పూర్తిగా ఉన్నవి 203. తెలుగు సంవత్సరం, మాసం, తిథి మాత్రమే ఉన్నవి 118. ఏమీ లేనివి 66.

తెలుగు సంవత్సరాలు తేలికే అనుకున్నాను. 1987 ఉగాదితో ప్రభవ. అక్కణ్ణించి ముందుకీ వెనక్కీ లెక్కపెట్టుకుంటూ పోవడమే. అలా 118కీ ఒక రాత్రిలో ఏడాది వేసేశాను. వాటిలో 29 తప్పు.

కారణం సంక్రాంతి రోజుల ఉత్తరాలు. "అక్షయ, పుష్య మాసం" అని ఉంటే అక్షయ అంటే 1986 కదా అని 1986 వేశాను. అక్షయ 1986 ఉగాదికి మొదలైంది, దాని పుష్యం వచ్చేసరికి 1987 జనవరి. పుష్యం (డిసెంబరులో పడే రోజులు తప్ప), మాఘం, ఫాల్గుణం ఉంటే మరో ఏడాది కలపాలని గోడ మీద పెద్దక్షరాలతో రాసుకున్నాను.

దానికన్నా విచిత్రమైన తప్పు ఇంకోటి. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. ఒక మనిషి జీవితకాలంలో ఒక పేరు రెండుసార్లు ఉత్తరాల మీదకి రావడమేమిటని పట్టించుకోలేదు. "వికారి, ఆశ్వయుజం" అని ఉన్న ఇన్లాండుని 1959లో పెట్టాను. తర్వాత చిరునామాలో పిన్‌కోడు చూశాను. పిన్‌కోడు వచ్చిందే 1972 ఆగస్టు 15న. అది 2019 వికారి. చేతి వణుకు చూసి కూడా నాకు అనుమానం రాలేదు. "కుర్రాడు తొందరగా రాసినట్టున్నాడు" అనుకున్నాను.

తేదీ లేని 66లో పోస్టు ముద్ర కనిపించినవి 38. మిగతావి విషయాన్ని బట్టి. ఇక్కడ ఒక జాగ్రత్త. "ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, మీ ఊరు ఎలా ఉంది" అన్న కార్డుని 1986 ఆగస్టు పెద్ద వరదకి కట్టేశాను. మూడో హెచ్చరిక 17 లక్షల క్యూసెక్కులకే ఇస్తారు, 1986లో వచ్చింది 35 లక్షలు. 17 లక్షలు దాటిన ఏళ్లు చాలా ఉన్నాయి. కార్డు మళ్లీ తేదీ లేనివాటిలోకి వెళ్లింది.

ఈ దశలోనే అన్నీ వరసగా చదివాను. చదువుతూ ప్రింట్ల మార్జిన్‌లో పెన్సిలుతో నా మాటలు రాసుకున్నాను. రెండు గమనికలు ఇక్కడ చెప్పాలి.

ఒకటి: రాజమండ్రి వాన. "నిన్న మళ్లీ వాన పడింది" అని ఆయన తరచూ రాస్తారు. 64 చోట్ల. ఏప్రిల్లోనూ వాన, మార్చిలోనూ వాన. "మీ వాడి కేసు వాన పడింది, రావద్దని చెప్పు" అని కూడా ఒక చోట. వాన వల్ల కోర్టుకి రావద్దన్నారనుకున్నాను. 64 వానలకీ ఒక పట్టిక తయారుచేశాను, నెలల వారీగా.

రెండు: 1996 నవంబరు 6 రాత్రి తుఫాను మా కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. నాకప్పుడు పదిహేనేళ్లు, పొద్దున్న లేచి చూస్తే ఆకాశం వెడల్పయినట్టు ఉంది. పదిహేను రోజులకి ఆయన రాసిన ఇన్లాండులో పంటినొప్పి గురించి అర పేజీ, జడ్జీ గారి బదిలీ గురించి అర పేజీ. చెట్ల ఊసు లేదు. పక్కన "ఏం స్నేహితుడో" అని రాసుకున్నాను.

ఖర్చు ఈ దశలో లేదు.

దశ 6: రాజమండ్రి (నవంబరు)

మొదటి దశలోనే వెళ్లాల్సింది. ఆరు నెలలు కాయితాలతో, ఫోనుతో గడిపాక అప్పుడు రాసిన మనిషి దగ్గరికి వెళ్లాను. కోటిపల్లి రేవు దాటి, ప్రింట్ల సంచీతో.

ఆయన భూతద్దం పెట్టుకుని మొదటి పేజీ చూశారు. ఐదు నిమిషాలయ్యాక, "ఇది నా రాతేనా?" అన్నారు. నిజంగానే చదవలేకపోయారు. కళ్లు మసక, పైగా ఆ రాత. "మా గుమాస్తాకి కబురు పెట్టు. నా రాత వాడికి తప్ప దేవుడికి కూడా తెలీదు" అన్నారు.

గుమాస్తా గారికి 79. నలభై రెండేళ్లు ఈయన చిత్తు రాతలని చూసి దావాలూ అఫిడవిట్లూ ఫెయిర్ కాపీ కొట్టిన మనిషి. కుర్చీలో కూర్చుని దినపత్రిక చదివినట్టు గడగడా చదవడం మొదలెట్టారు. "నిన్న మళ్లీ వాయిదా పడింది."

"వాన కాదాండీ?" అన్నాను.

"వాన ఎక్కడిది బాబూ. ఇది వా, పక్కన చుక్క. వాయిదా. మీరు 'న' అనుకుంటున్నారే, అది అయ్యగారి పెన్ను జారుడు."

నా 64 వానల పట్టిక చూసి ఇద్దరూ నవ్విన నవ్వుకి లోపలి నుంచి పెద్దమ్మ గారు వచ్చి చూశారు.

మూడు రోజులు కూర్చున్నాం. గుమాస్తా గారు చదివేవారు, నేను ఫోన్లో రికార్డు చేసేవాణ్ణి. సగం జాబితాలో ఉన్న 43లో 27 పూర్తయ్యాయి. ఎరుపు చానెల్‌కి లొంగనివి ఆయనకి లొంగాయి. ఎందుకంటే ఆయన అక్షరం చూడట్లేదు, ఈ వాక్యం తర్వాత అయ్యగారు ఏమంటారో ఆయనకి తెలుసు. అందుకే ఆయన ఊహించి నింపిన చోట్ల నేను చదరపు బ్రాకెట్లు పెట్టాను. మీరూ పెట్టండి, తర్వాత ఏది రాత ఏది ఊహ అన్నది మీకే గుర్తుండదు.

నా నంబర్ల పద్ధతి ప్లీడరు గారికి నచ్చలేదు. "ఇదేం వరస? కోర్టులో వాది పత్రాలకి ఏ-1, ఏ-2. ప్రతివాదివి బి-1, బి-2. నేను రాసినవి ఏ. మీ నాన్న రాసినవి బి." మొత్తం ఫైళ్ల పేర్లు మార్చడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

అనుమతి గురించి అడిగాను. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది, ఇలాంటి పని చేసేవాళ్లకి పనికొస్తుంది: ఉత్తరం అందుకున్నవాళ్లకి కాయితం మీద హక్కు. రాతలోని మాటల మీద కాపీరైటు రాసినవాళ్లది, వాళ్ల తర్వాత వారసులది. "పెట్టె నీది, నోరు నాది" అని నవ్వారు. తెల్ల కాయితం మీద నాలుగు షరతులు గుమాస్తా గారికి చెప్పి రాయించి సంతకం పెట్టారు. స్టాంపు పేపరు తెస్తానంటే "దండగ" అన్నారు.

నాలుగో షరతు వల్ల 31 ఉత్తరాలు మూతపడ్డాయి. అవి క్లయింట్ల సంగతులున్నవి. ఆ మనుషులంతా పోయారు కదా పెదనాన్న గారూ అన్నాను. "వాళ్లు పోయారు, నేను పోలేదుగా. సాక్ష్య చట్టంలో 126 అనేవాళ్లం, జూలై నుంచి కొత్త చట్టంలో 132 అయింది. నంబరు మారింది గానీ ప్లీడరు నోరు మూసుకోవడం మారలేదు" అన్నారు. అసలు అప్పట్లో నాన్నకి రాయడమే తప్పు కదా అని అడగబోయి ఊరుకున్నాను. ఆయనే, "మీ నాన్నకి రాయడం అంటే బావిలోకి చెప్పడమే" అన్నారు.

ఇప్పటికి: ఏ సిరీస్ 387. పూర్తివి 362 (వీటిలో మూసిపెట్టినవి 31), సగం 16, పోయినవి 9. ఖర్చు 4,450.

దశ 7: బి సిరీస్ (డిసెంబరు)

నాన్న రాసినవి ఏవి అని అడిగితే ఆయనకి గుర్తులేదు. గుమాస్తా గారికి గుర్తుంది. ఉత్తరం రాగానే ప్లీడరు గారు దాని ఖాళీ జాగాలో ఆ రోజు కేసు నోట్సు రాసుకునేవారట, అవి అలాగే కేసు కట్టల్లోకి వెళ్లిపోయేవట. పాత కట్టలు చాలా మటుకు తూకానికి వెళ్లిపోయాయి. వెనక గదిలో నూట పది మిగిలాయి, తెల్ల నాడా కట్టి ఉన్నవి.

కట్టలు విప్పేటప్పుడు:

1. నాడా కొయ్యకండి. ముడి విప్పండి, దాని మీద నంబరు చీటీ ఉంటుంది.
2. కాయితాల వరస మార్చకండి. ఏ కట్టలో ఎన్నో కాయితమో రాసుకుని ఫొటో తీసి మళ్లీ అక్కడే పెట్టండి.
3. తుప్పు పట్టిన గుండుసూది లాగకండి. చుట్టూ ఉన్న కాయితాన్ని వెదురు బద్దతో ఎత్తి సూదిని జరపండి.

ఐదు రోజుల్లో 19 దొరికాయి. నాన్న రాతలో కొబ్బరి ధరలు, అంబాజీపేట మార్కెట్టు, రేవులో పంటు ఆగిపోయిన రోజులు. ఒక్కొక్కటీ గుమాస్తా గారు చదివి ప్లీడరు గారి చేతికి ఇచ్చేవారు, ఆయన "మార్క్ చెయ్" అనేవారు, నేను నంబరు వేసేవాణ్ణి.

పన్నెండోది కార్డు. 1996 నవంబరు 14. "చెట్లు 57 పోయినవి. ఇల్లు నిలిచినది. అందరం క్షేమం. పిల్లవాడికి చెప్పలేదు గానీ వచ్చే ఏడు చదువు సంగతి చూడాలి." చిరునామా పక్క ఖాళీలో ప్లీడరు గారి పెన్సిలు రాత: 80 − 57 = 23. దాని కింద గీత. గీత కింద "ఎం.ఓ. 2,000. డిసెం, జన, ఫిబ్ర." ఎం.ఓ. అంటే మనియార్డరు. ఒక్కో నెల పేరు మీదా టిక్కు.

గుమాస్తా గారు మొదటి పక్కే పైకి చదివారు. రెండో పక్క తిప్పి చూసి, చదవకుండా అయ్యగారికి ఇచ్చారు. నా ప్రింట్ల సంచీ ప్లీడరు గారి కుర్చీ పక్కనే ఉంది, ఆ మార్జిన్ పెన్సిలు రాత ఆయన చూశారో లేదో తెలీదు. కార్డుని భూతద్దంతో చాలాసేపు చూసి, మడవకుండా చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"ఇది మార్క్ చెయ్యక్కర్లేదు. తర్వాతది తియ్యి."

ఇంటికొచ్చాక ఏ-271, అంటే ఆ పంటినొప్పి ఇన్లాండు, ప్రింటు మీద నా పెన్సిలు రాతని రబ్బరుతో చెరిపేశాను. ఫొటో తీసినప్పటి కాపీలో ఇంకా ఉంది, అది కూడా తీసేయాలి.

ఇప్పటికి: ఏ సిరీస్ 387. బి సిరీస్ 18. విప్పాల్సిన కట్టలు 46. ఖర్చు 4,450, రేవు చార్జీలు కలపలేదు.